టకెట్ మింగేసిన డైలాగులు

ఆ మధ్యాహ్నం మెర్విన్ టకెట్ జడ్జి కుర్చీలో కూర్చుని మళ్ళీ ఒక డైలాగు మింగేశాడు. అతనికున్న జబ్బే అది. మర్చిపోయి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. నోరు మూసుకుని ఉండాల్సిన ఎక్స్‌ట్రా ఎవరినో పట్టుకుని ఏదో ఒకటి అడుగుతాడు.

హాలీవుడ్ పక్కనున్న బర్బాంక్ సినిమా స్టూడియోల్లో ముప్పై నాలుగేళ్లుగా అతను డాక్టరు, పాస్టరు, షెరీఫు, శవం. ముఖం దేశమంతా తెలుసు, పేరు ఏ ఒక్కడికీ తెలియదు. కొట్లో ఎవరో ఆపి, "నా పన్ను పీకింది మీరే కదూ?" అంటే, "వాపు తగ్గిందా?" అనేవాడు.

ఎవరు ఏ మాట పలికారో పొల్లుపోకుండా రాసుకోవడం ఆగ్నెస్ లూబిన్ పని. పంతొమ్మిదేళ్లుగా ఆమె నోటుబుక్కుల్లో ఒకటే మాట: "టకెట్ మర్చిపోయాడు."

"మరుపూ కాదు, పాడూ కాదు. తెర మీద ఇంకో రెండు క్షణాలు కనబడాలన్న యావ," అనేదామె. అతని మీద జాలిపడే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది.

ఈ జడ్జి వేషం ఆరు వారాలది. ముప్పై నాలుగేళ్లలో అంత నిలకడైన పని అతనికి దొరకడం అదే మొదలు. డైరెక్టరు కూసిక్ పొద్దున్నే చెప్పాడు: "మెర్విన్, ఇవాళ ఎక్స్‌ట్రాలతో కబుర్లు పెట్టుకున్నావో, ఇదే నీకు ఆఖరి రోజు."

"అలాగే బాబూ."

రాసిచ్చిన డైలాగు: "నాలుగు దాటింది. కోర్టు వాయిదా." టకెట్ గోడ గడియారం వైపు తలెత్తాడు, ఆగాడు, జ్యూరీలో చివర కూర్చున్న ముసలావిడ వైపు తిరిగాడు.

"అమ్మా, టైమెంతయింది?"

ఆవిడ చెయ్యెత్తి వాచీ చూసుకుంది. "నాలుగూ పది, జడ్జిగారూ."

"అయితే వాయిదా!" సుత్తి టక్కుమంది.

మళ్ళీ తీద్దామంటే హీరో అప్పటికే కారెక్కేశాడు. కూసిక్ ముఖం కందగడ్డయింది. "పో! ఇక రాకు!"

"వయసు బాబూ, మర్చిపోయాను," అని టకెట్ నల్లగౌను విప్పి మడతపెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ ముసలావిడ, ఓపల్ ప్రూయిట్, కూలి కాగితం మీద సంతకం పెట్టడానికి ఆగ్నెస్ దగ్గరికి వచ్చింది. కెమెరా ముందు ఒక్క మాట పలికితే చాలు, ఎక్స్‌ట్రాకి ఆ రోజు నటి కూలి ఇవ్వాలని యూనియన్ రూలు.

"ఆయన మతిమరుపు మీకు బాగా కలిసొచ్చిందే," అంది ఆగ్నెస్ పుల్లవిరుపుగా.

"మతిమరుపేమిటమ్మా? భోజనాల లైన్లో నా మందుల సంచీ చూసి అడిగాడు. ఈ నెల నటి కూలి ఒక్కటి పడకపోతే యూనియన్ ఇచ్చే వైద్యం ఇన్సూరెన్సు పోతుందన్నాను. అప్పుడే తన వాచీ తీసి నా చేతికి పెట్టాడు. ఇదిగో, ఆయనకిచ్చెయ్యి."

ఆగ్నెస్ ఆ వాచీ సొరుగులో పెట్టింది. తర్వాత పాత నోటుబుక్కులు తీసింది. టకెట్ మింగిన డైలాగులు అరవై మూడు. అరవై మూడూ మాటలేని ఎక్స్‌ట్రా ఎవరి నోట్లోనో తేలాయి. తెర మీద అతనికి అదనంగా దక్కింది ఏమీ లేదు.

టకెట్‌కి మళ్ళీ పని దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. వాచ్‌మన్ వేషం, ఒక్కటే డైలాగు: "లోపల ఎవరూ లేరు." ఆగ్నెస్ వాచీ చేతికిచ్చింది.

"మర్చిపోయారు."

"వయసమ్మా," అన్నాడు.

కెమెరా తిరిగింది. డిటెక్టివు తలుపు తట్టాడు. టకెట్ ఆ ఒక్క డైలాగూ మింగేసి, వెనకాల చీపురు పట్టుకుని నిలబడ్డవాడి వైపు తిరిగాడు.

"ఏరా, లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ."

డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. ఆగ్నెస్ తలొంచుకుని, ఈసారి ఒక్క సంఖ్య మాత్రం వేసింది: 64.