టైలరమ్మ నెత్తురు

“ఇంట్లో ఎవరైనా కొడుతున్నారామ్మా?”

టైలరమ్మ భర్తను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి మరీ అడిగింది డాక్టరమ్మ. అరవై మూడేళ్ల వయసులో, నలభై ఏళ్ల కాపురం తర్వాత ఇలాంటి మాట వినాల్సి వస్తుందని టైలరమ్మ కలలో కూడా అనుకోలేదు.

“ఆయనా? ఈగను తోలడానికే జంకుతాడు! తాళాలు బాగుచేసుకునే మనిషి, నన్నెందుకు కొడతాడమ్మా?”

అడగడంలో డాక్టరమ్మ తప్పేమీ లేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం వంకాయ రంగుకు తిరిగింది. తొడ మీద అరచెయ్యంత మచ్చ. మూడు వారాల కిందట కత్తిరింపు బల్ల తగిలింది కాబోలని సరిపెట్టుకుంది. తర్వాత ఏమీ తగలకుండానే కొత్తవి లేచాయి. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు ఆమె చేతిని చూసి, పక్కనే తాళాల కొట్టులో ఉన్న ఆమె భర్తను కొరకొరా చూడసాగారు.

ఆ రోజు నెత్తురు తీసిన చోట దూది మీద దూది తడిసింది. అరగంట నొక్కిపట్టినా ఆగలేదు. అప్పటికప్పుడు ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

మర్నాడు ల్యాబ్ పెద్దావిడ స్వయంగా మంచం దగ్గరికి వచ్చింది.

“మీ నెత్తురు గడ్డకట్టడానికి మామూలు కంటే మూడింతల సమయం పట్టిందమ్మా. ఏదైనా తక్కువైందేమోనని ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్లాస్మా సగానికి సగం కలిపాం. ముందు సర్దుకుంది. ఒంటి వేడిలో రెండు గంటలుంచి చూస్తే మళ్లీ మొదటికొచ్చింది.”

“అంటే?”

“నెత్తురు గడ్డకట్టాలంటే ఫ్యాక్టర్ ఎనిమిది అనే ప్రోటీన్ ఉండాలి. రోగాలతో పోరాడాల్సిన మీ ఒళ్లు దాన్నే శత్రువనుకుని పాడుచేస్తోంది. మేం కలిపిన పరాయి మనిషిదాన్ని కూడా వదల్లేదు.”

“కంచే చేను మేసిందన్నమాట! మా వంశంలో ఎవరికీ లేదే?”

“పుట్టుకతో వచ్చేది వేరు. ఇది మధ్యలో వచ్చింది. చాలామందిలో కారణం దొరకదు.”

టైలరమ్మ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఇన్నేళ్లుగా తిండి పెట్టి పెంచిన ఒళ్లు!

భర్త లోపలికి రాగానే, “నన్ను కొడుతున్నది నా ఒళ్లేనంట” అంది.

ఆయన గోడకు ఆనుకున్నాడు. “నేను కాదని కాగితం మీద రాసిస్తారా?” అన్నాడు. నవ్వబోయి, అలాగే ఏడ్చేశాడు. జనంలో అనుమానం పాకి ఆయన కొట్టుకు వారం రోజులుగా ఒక్కరూ రావడం లేదని, ఆయన చెబితే ఆమెకు అప్పుడే తెలిసింది.

నెత్తురు ఆపే మందు నరంలోకి ఎక్కించారు. ఒంటి తిరుగుబాటును అణచడానికి స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. ముఖం దిండులా ఉబ్బింది, నిద్ర దూరమైంది. అయినా కొత్త మచ్చలు ఆగాయి, పాతవి పసుపురంగుకు తిరిగి మాసిపోయాయి.

రెండు నెలలకు ల్యాబ్ పెద్దావిడ పిలిచి, ఆమె నెత్తురు తీసి ఉంచిన గాజు గొట్టం ఒంచి చూపించింది. గడ్డకట్టిన నెత్తురు జారలేదు.

“తిరగబెట్టవచ్చు, పరీక్షలు మానకండి” అంది.

టైలరమ్మ తలూపింది గానీ, చూపు మాత్రం ఆ ఎర్రటి గడ్డ మీదే ఉండిపోయింది.