డోనల్ కూర్చునే చోటు

హైకోర్టు జడ్జిగా రిటైరై ఐర్లండ్‌లో స్లైగో జిల్లాలోని సొంత ఊరికి వచ్చినా ఫింటన్ గిల్‌మార్టిన్ కోర్టు నడక మానలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నడిచేవాడు. ఆదివారం ప్రార్థనకు చర్చి గుమ్మం పక్కనే నిలబడేవాడు. ఒక ముసురు పట్టిన ఆదివారం మోకాళ్లు మొరాయించి గోడ పట్టుకుంటే, వెనక బల్ల మీంచి ఊనా కెవెనీ చూసింది. ఆమె కొడుకు డోనల్‌కు యావజ్జీవం వేసింది ఆయనే. వాడు జైల్లోనే పోయాడు.

"ఇలా వచ్చి కూర్చోండి జడ్జిగారూ. ఇది మా డోనల్ చోటు," అంది ఊనా. తర్వాత పక్కనున్న ఖాళీవైపు తిరిగి, "కాస్త జరుగు నాయనా, పెద్దాయన నిలబడలేకపోతున్నారు," అంది నెమ్మదిగా.

ఆయన కూర్చున్నాడు. చర్చంతా చలి కొరికేస్తున్నా ఆ చెక్క మాత్రం వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే పక్కకు జరిగినట్టు. పాదిరీ మాటలేవీ చెవికెక్కలేదు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, ఆయన కూడా బల్ల చివరికంటా జరిగి మధ్యలో చోటు వదిలాడు.