సాలమ్మ బీరపందిరి

చేవెళ్ల మార్కెట్‌లో ఆ దగ్గరి ఊరు ప్రొద్దుటూరు సాలమ్మ బీరకాయలను పేరుపెట్టి అడిగి కొనేవాళ్లున్నారు. తాను మాత్రం తినదు. చప్పగా ఉంటుందంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్లింట బీరపాదు నేలమీదే పాకేది. ఇంట్లోవాళ్లతో పోరి రాతికడీలు పాతించి, తీగ లాగించి, పందిరి వేయించింది ఆమే.

నిరుడు వానాకాలం ఆ పందిరి కింద పిందెలు పసుపెక్కి రాలడం మొదలైంది. పండు ఈగ పనేనని ఎరువుల దుకాణంలో మందిచ్చారు. కొడుకు తిరుపతి చేవెళ్ల, మొయినాబాద్ మధ్య ఆటో నడుపుతాడు. పొద్దుగూకాక ఇల్లు చేరి, అప్పుడు పంపు భుజానికెత్తుకునేవాడు. మందు పెరిగేకొద్దీ పిందెలు ఇంకా రాలాయి.

ఒక పొద్దున నీళ్లు మళ్లిస్తుంటే సాలమ్మకు కాలవ పక్కన బూడిదరంగు రెక్కల పురుగులు చచ్చిపడి కనిపించాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. దాని మూతికీ కాళ్లకూ పచ్చటి పొడి అంటుకుని ఉంది. అది మగపువ్వులోని పుప్పొడేనని ఆమె పోల్చుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా పొలంలోనే ఉండిపోయింది. చీకటి పడే వేళకు బీరపూలు విచ్చుకున్నాయి. పందిరి మీదికి ఒక్క పురుగూ రాలేదు. మందు తగలని కంచె మీద మాత్రం, తనంతట తాను మొలిచి అల్లుకున్న బీరతీగ చుట్టూ అవే పురుగులు తిరుగుతున్నాయి. వాలకుండా గాలిలోనే ఆగి, పొడుగాటి నాలుక పువ్వులోకి చాపుతున్నాయి. ఆ తీగకు పిందెలు నిలిచి కాయలవుతున్నాయి.

తిరుపతి రాగానే చూసింది చెప్పి, సాయంత్రం మందు కొట్టవద్దంది.

"పురుగంటె పురుగే గదా అవ్వ. మందుకు ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్ల తెలుస్తది?" అన్నాడతను.

"అందుకే పూలు వాడినంక, పొద్దుగాల కొట్టమంటున్న బిడ్డా."

పొద్దున పూట కిరాయిలు పోతాయని అతను ఒప్పుకోలేదు. చివరికి నాలుగు సాళ్లు మందు లేకుండా వదలడానికి తలూపాడు. మిగతా సాళ్లలో సాలమ్మా, కోడలు అరుణజ్యోతీ సాయంత్రాలు మగపువ్వు తెంపి, పిందె ఉన్న పువ్వుకు రుద్దుకుంటూ పోయారు. మెడలు పట్టేశాయి.

వదిలిన సాళ్లలో పిందెలు బాగానే నిలిచాయి. అయితే పండు ఈగ కుట్టి చాలా కాయలు వంకర తిరిగాయి. దుకాణం వాళ్లు చెప్పింది ఉత్తమాట కాదని సాలమ్మకు అప్పుడు తెలిసింది. వంకర కాయలన్నీ ఏరి గోతిలో పూడ్చింది. ఈగలకు ఎర డబ్బాలు తెప్పించి వేలాడగట్టింది.

కోతలైనంక తిరుపతి ఆ నాలుగు సాళ్ల వెంట ఒకసారి నడిచి వచ్చాడు. ఈ ఏడు మందు పని ఆదివారం పొద్దుటికి మార్చుకున్నాడు, అదీ తల్లి అవసరమన్నప్పుడే. కాపు మునుపటంత లేదు. అయినా గంపలు మళ్లీ చేవెళ్ల బస్సెక్కుతున్నాయి.