కొత్త తాటిచెట్టు తొలి కల్లు

మొన్న మా మేనల్లుడు ఫోనుకు ఫోటోలు పంపాడు. ఎక్కడో ద్రాక్షతోటలో పొడుగు కాడల గ్లాసుల్లో వైను పోసిచ్చి, వాసన చూడటం, నాలుక మీద తిప్పి రుచి చెప్పడం నేర్పిస్తున్నారట. నాకు నవ్వాగలేదు. ఆ చదువు నేను పాతికేళ్ళ కిందటే టేకులపల్లి అడవి అంచున, తాటివనంలో గొంతుక్కూర్చుని నేర్చుకున్నాను. అదీ తిట్లు తిని.

పెనుబల్లి నుంచి అక్కడి బడికి పంతులుగా కొత్తగా వెళ్ళిన రోజులవి. కల్లు గీసే ఆయన్ను ఊరంతా మామ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పొద్దున్నే చెట్లు దిగి కల్లు కుండలు వరసగా పెట్టేవాడు, ఒక్కో చెట్టుకు ఒక్కో కుండ. మొదటి రోజే నేను పెద్ద తెలివిగా రెండు కుండల్లోది ఒకే తాటాకు రేకలోకి వంచుకున్నాను. మామ ముఖం మాడిపోయింది. "గిట్ల కలిపితే ఏ చెట్టుకు కోత ఎక్కువైందో ఎట్ల ఎరుకైతది సారూ?" అన్నాడు. రుచి చూడటమంటే తాగడమే అనుకున్నాను నేను. ఆయనకది చెట్టు నాడి పట్టుకోవడం. ఈ పూట రుచిని బట్టే మర్నాడు కల్లు కారే గెలను ఎంత చెక్కాలో తేల్చుకునేవాడు. కత్తి కొంచెం లోతుకు దిగితే గెల ఎండిపోతుందని ఆయన భయం. ఆ ఏడే వనం చివర తాటి టెంకలు పాతుతుంటే, నా నోరు ఊరుకోక, "ఇవి పెరిగి కల్లు పారేసరికి నువ్వుంటావా మామా?" అన్నాను. "నేను లేకుంటే నువ్వొచ్చి రుచి చెప్పు. కలపకు మల్ల!" అన్నాడు.

నిరుడు మామ చెట్టు మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానాలో ఇక చెట్టెక్కొద్దన్నారు. ఆయనకున్నది ఒక్కతే కూతురు. సారపాక మిల్లులో కాంట్రాక్టు పని మానేసి వచ్చి, నడుముకు కట్టి చెట్టెక్కే మోకు తనకిమ్మని కూర్చుంది. మామ ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి, ఆనాడు పాతిన టెంకల్లో మొదట గెల వేసిన చెట్టును చూపించి, "ఆ కొత్త చెట్టొక్కటి గీసి చూపియ్. గెల ఎండిందా, మల్ల మిల్లుకే పోవాలె" అని పందెం పెట్టాడు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఫోను చేసింది. "చెట్టు పారింది సారూ. నాయిన ఇయ్యాల రుచి చూస్తడంట. మీరు గూడ రావాల్నంట." ఇంట్లో సణుగుడు వినబడనట్టు నటించి, మొదటి బస్సు పట్టుకున్నాను.

నేను వెళ్ళేసరికి ఆమె చెట్టు దిగుతోంది. కుండలో నురగ మూతిదాకా ఉంది. ఆమె రేకలో పోసిస్తే, మామ ఒక్క గుక్క నోట్లో పట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ మింగడు. ఆమె మోకు విప్పకుండా అలాగే నిలబడింది.

"జర వగరున్నది," అన్నాడు చివరికి. ఆమె ముఖం వాడిపోయింది. "రేపు పలచగ చెక్కు."

"అంటే రేపు గూడ నేనే ఎక్కాల్నా నాయినా?"

"మరి నా మోకాలెక్కుతదా?"

ఆమె పకపకా నవ్వింది. నాకు పట్టలేనంత సంతోషమైంది. మామ నా వైపు కొత్త చెట్టు కుండ వంచబోయాడు. నేను రాగానే ఆయన నా రేకలో పోసిన పాత చెట్టు కల్లు చుక్క మిగలకుండా తాగేసి, రేక కడుక్కుని మరీ పట్టాను. పాతికేళ్ళు ఆ చెట్టులోంచి దిగి నా నాలుక మీదికొచ్చాయి. వగరుగానే ఉన్నాయి. తియ్యనవడానికి వాటికింకా రేపు ఉంది.