లెక్క తప్పిన సాయంత్రం

ఆ ముసలాయన చేతులు మంచానికి కట్టేసింది నేనే. ఎవరూ కట్టమని చెప్పలేదు. ఆ ఇంట్లో పనిచేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే, గంజి ఎంత పలచగా ఉండేదో, మనుషులు ఎంత మంచివాళ్లో చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను.

యాభైల్లో ఒక కరువుకి కళ్యాణదుర్గం అవతల రోడ్డు పక్కన పాత గిడ్డంగిలో గంజి కేంద్రం తెరిచారు. వానలు పడగానే జనం ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు మిగిలారు. ఎక్కువమంది ముసలివాళ్లు, కొందరు మతి చెదిరినవాళ్లు. వాళ్లను ఏం చేయాలో తోచక గిడ్డంగికి సున్నం కొట్టించి, నులకమంచాలు వేయించి, దానికి ఆశ్రమం అని పేరు పెట్టారు. ఊళ్లోవాళ్లు మాత్రం గంజి ఇల్లు అనే అనేవాళ్లు. నా భర్త పోయిన మరుసటేడు నేను అక్కడ ఆయాగా చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నేను, ఒక వంటమనిషి, ఒక పనివాడు, పొద్దునపూట వచ్చిపోయే మేనేజరు, అంతే మేము.

ఆ పనివాడు యాభై దాటిన సాయిబు. అంతకుముందు జట్కా తోలేవాడు. నేను ఆయన్ని చిన్నాయనా అని పిలిచేదాన్ని.

ముసలాయన్ని మడకశిర వైపు నుంచి చెల్లెలు తీసుకొచ్చి వదిలింది. ఆయనకి ఒకప్పుడు పెద్ద మంద ఉండేది. కరువులో గొర్రెలన్నీ కళ్లముందే పడిపోయాయి. ఆ తర్వాత మనిషి మనిషిగా లేడు. పగలంతా గోడకి ఆనుకుని మాట్లాడకుండా కూర్చునేవాడు. పొద్దు వాలగానే లేచేవాడు. చేతికర్ర తీసుకుని, వాకిట్లో కూర్చున్నవాళ్లని లోపలికి తోలడం మొదలుపెట్టేవాడు. లేవనివాళ్లని కొట్టేవాడు. మొదటి నెలలోనే ఒకామెకి పన్ను ఊడింది. కర్ర లాక్కుంటే చేతులతో కొట్టాడు, గదిలో పెట్టి గొళ్లెం వేస్తే తలుపుకేసి తల బాదుకున్నాడు. నెలకోసారి జీపులో వచ్చే డాక్టరు నిద్రమందు ఇచ్చి వెళ్లాడు. అది వారంలో అయిపోయింది.

చిన్నాయన నాలుగు రోజులు ఆయన పక్కనే కూర్చుని గమనించాడు. ఐదో రోజు నన్ను పిలిచాడు.

"పాపా, ఆయప్ప కొట్టల్లని కొట్టడం లేదు. మంద తోలుకుంటాండాడు. పొద్దున ఈళ్లంతా బయటికి పోతాంటే లోపల్లోపల లెక్కబెట్టుకుంటాడు సూడు. సాయంత్రం ఆ లెక్క సరిపోవల్ల."

"సరిపోకపోతే?"

"దొడ్డిలోకి రానిదాన్ని ఎతుక్కుంటాడు. నీ గొర్రె తప్పిపోతే నువ్వు గమ్మునుంటావా?"

ఆ రోజునుంచి సాయంత్రం తలుపు ఒక రెక్క మూసి ఉంచాం. ముసలాయన గడప పక్కన నిలబడేవాడు. అందరూ ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచేవాళ్లు. ఒక్కొక్కరి భుజం మీద కర్ర కొన తాకించి "ఒందు, ఎరడు, మూరు" అని కన్నడంలో లెక్కబెట్టేవాడు. ముప్పై ఒకటి దాకా. అయిపోగానే "ఆయ్తు" అని కర్ర గోడకి ఆనించి, వెళ్లి పడుకునేవాడు. నడవలేనివాళ్లని మేం పట్టుకుని నడిపించేవాళ్లం. గంట పట్టేది. మధ్యలో ఎవరైనా వెనక్కి తిరిగితే మళ్లీ మొదటినుంచి. అయినా ఏడు నెలలు ఆయన ఒక్క దెబ్బ కొట్టలేదు. డాక్టరు ఆశ్చర్యపడి "ఎలా చేశారమ్మా?" అని నన్ను అడిగితే, "ఓపిగ్గా చూసుకుంటున్నాం సార్" అన్నాను. చిన్నాయన పక్కనే నీళ్లు మోస్తున్నాడు. ఆయన పేరెత్తలేదు నేను.

కంబదూరులో కూతురి కాన్పుకని చిన్నాయన ఎనిమిది రోజులు సెలవు పెట్టాడు. మొదటి రెండు సాయంత్రాలూ నేనే తలుపు దగ్గర నిలబడ్డాను. మూడోరోజు మధ్యాహ్నం ఒక ముసలామె చనిపోయింది. చాలా రోజులుగా జబ్బుతో ఉన్నా, పొద్దున ఎండపొడకి కూర్చోబెట్టమని అడిగితే నేనే బయటికి తీసుకెళ్లాను. మేనేజరు బండి పంపితే పొద్దు వాలకముందే శవాన్ని తీసుకెళ్లారు.

ఆ సాయంత్రం లెక్క ముప్పై దగ్గర ఆగిపోయింది.

ముసలాయన వాకిలి వైపు చూశాడు. మళ్లీ అందరినీ బయటికి తోలాడు. మళ్లీ ముప్పై. మూడోసారి కూడా అంతే. లోపల సంగటి చల్లారిపోతోంది. కాళ్లు లాగుతున్నాయని జనం సణిగారు. "సరిపోయిందిలే తాతా, పండుకో పో" అన్నాను. ఆయన నా మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. వాకిలంతా వెతికి లోపలికి వచ్చాడు. చింపిరి చీర కప్పుకుని మూలన పడుకున్న ఒకామెని జుట్టు పట్టి లేపాడు. నేను అడ్డం వెళ్లాను. కర్ర నా చెవి మీద పడింది.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత నాకు విపరీతమైన కోపం వచ్చింది. వంటమనిషిని కేకేశాను. ఇద్దరం కలిసి ఆయన్ని మంచం మీద పడేశాం. ఆమె కాళ్లు పట్టుకుంది. నేను పాత చీర చింపి రెండు చేతులూ మంచంకోళ్లకి కట్టాను. అవసరమైన దానికన్నా బిగించి కట్టాను. ఆ సంగతి ముడి వేస్తున్నప్పుడే నాకు తెలుసు. ఆయన ఎందుకు వెతుకుతున్నాడో కూడా తెలుసు.

భయంతో కట్టానని తర్వాత చెప్పుకున్నాను. మొదటి సాయంత్రం అది కొంత నిజం. రెండోరోజు భయం లేదు. పొద్దున్నే విప్పి వాకిట్లో నిలబెట్టి ఉంటే కొత్తగా ముప్పైమందిని లెక్కబెట్టుకునేవాడు, సాయంత్రానికి ముప్పై సరిపోయేది. నేను విప్పలేదు. ఆ సాయంత్రం అందరూ తోచినట్టు లోపలికి వచ్చారు. సంగటి వేడివేడిగా తిన్నాను. హాయిగా అనిపించింది. అలా ఐదు రోజులు. అన్నం తినిపించడానికి ఒక చెయ్యి విప్పేదాన్ని, మళ్లీ కట్టేదాన్ని. పక్క తడుపుకుంటే మార్చేదాన్ని. మూడోరోజునుంచి ఆయన గింజుకోవడం మానేశాడు. మణికట్ల దగ్గర చర్మం ఒలిచి పుండ్లు పడ్డాయి.

ఐదోరోజు మడకశిర బస్సులో చెల్లెలు వచ్చింది. ఆమె గేటు దగ్గర కనపడగానే పరుగున వెళ్లి చేతులు విప్పాను. చీరపేలికలు మంచం కిందికి తోశాను.

ఆమె అన్న చేతులు చూసింది. "ఇదేమమ్మా, ఈ గాయాలు?"

"గోడకి రుద్దుకుంటాడక్కా. ఎంత చెప్పినా ఇనడు" అన్నాను.

ఆమె నమ్మింది. "ఇంటికాడా ఇంతే, తల్లీ. నన్నూ ఎన్నిసార్లు కొట్టినాడో" అంది. తర్వాత వాచిన నా చెవి కనిపించింది. "నిన్ను గూడా కొట్టినాడా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. "కన్నకూతురు గూడా ఇంత సూడదు. నీ చేతులు సల్లగుండా" అంది.

చేతులు వెనక్కి తీసుకోవాలనుకున్నాను. తీసుకోలేదు.

మర్నాడు చిన్నాయన వచ్చాడు. మణికట్లు చూశాడు, వంగి మంచం కింద పేలికలు చూశాడు. ఏం జరిగిందో అడిగాడు. ముసలామె చనిపోవడం, లెక్క తప్పడం, దెబ్బ, అన్నీ చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను.

"ఒకటి తక్కువైతే నువ్వు పోయింటే సరిపోయేది గదా, పాపా" అన్నాడు. "నువ్వు గూడా ఆ తలుపులో ఒకతూరి లోపలికి పోయింటే."

ఆ మాట నాకు ఎందుకు తట్టలేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ముప్పైమంది మంద, నేను కాపరినీ కాదు, గొర్రెనీ కాదు అనుకుని పక్కన నిలబడ్డాను.

ఆ సాయంత్రం చిన్నాయన ఆయన్ని లేపి తలుపు దగ్గరికి నడిపించి కర్ర చేతికిచ్చాడు. అందరూ నడిచారు. చిన్నాయన తనే "ఒందు, ఎరడు" అని అందించాడు. ముసలాయన నోరు తెరవలేదు. కర్ర చేతిలోంచి జారిపోయింది. వరసగా ఎన్నో రోజులు అలాగే ప్రయత్నించాడు చిన్నాయన. నేను ఆ వరసలో కలిసి రెండుసార్లు ఆయన ముందునుంచి నడిచాను. నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు.

మళ్లీ వచ్చిన డాక్టరు ఆయన్ని చూసి చాలా నెమ్మదించాడన్నాడు. మేనేజరు రిజిస్టరులో అదే రాసి, నాచేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత కేకలు వేసేవాళ్లని, కరిచేవాళ్లని కట్టడం మామూలైంది. "తాతని కట్టినట్టు కట్టండి" అనేది వంటమనిషి. నేను మళ్లీ ఎవరినీ నా చేత్తో కట్టలేదు. కట్టవద్దని చెప్పడానికి నోరూ రాలేదు. కట్టేసినవాళ్లు కంటపడితే చిన్నాయన విప్పేవాడు.

ముసలాయన మరుసటి వానాకాలం దాటలేదు. చెల్లెలు ఆయన కంబళి తీసుకుపోవడానికి వచ్చింది. ఈసారి చెప్పేయాలని రెండురోజుల ముందునుంచే మాటలు కూర్చుకున్నాను. గడప మీద కూర్చుని ఆమె అడిగింది.

"కడాకి ఎవురినన్నా కొట్టినాడా, అమ్మా?"

"లేదక్కా. ఎవుర్నీ కొట్టలేదు."

"నెమ్మదిగానే పోయినాడు గదా?"

"నెమ్మదిగానే."

ఆమె మొహం తేటపడింది. అన్న చేతుల్లో దెబ్బలు తిన్న ఆ మనిషికి అంతకన్నా ఏం కావాలి? కూర్చుకున్న మాటలు చెప్పకుండా ఆగిపోయాను. ఆమె కోసం ఆగానా, నా కోసం ఆగానా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడిగితే జవాబు తెలుస్తూనే ఉంది. కంబళి మడిచి చంకన పెట్టుకుని ఆమె రోడ్డు మీదికి వెళ్లింది. మడకశిర బస్సు వచ్చేదాకా ఎండలో ఆమె పక్కనే నిలబడ్డాను.