ఎస్తేరు పాసైన పరీక్ష

ఈ మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోవడం మొదలై చాలా ఏళ్లయింది. భోజనాల దగ్గర వచ్చింది, ప్రార్థనలో వచ్చింది, ఒకసారి కార్‌లో ఆ పిల్ల తల్లి నా పక్కనే కూర్చుని ఉండగా వచ్చింది. ప్రతిసారీ మింగేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

ఒక చిన్నపిల్ల బతుకులో ఏడేళ్లు పాడుచేశాను. మంచి చేస్తున్నాననుకునే చేశాను. అది సాకు కాదు. అలా అనుకున్నాను కాబట్టే ఎక్కడా ఆగలేదు.

డెబ్బైల చివర మేము అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో ఉండేవాళ్లం. పిల్లల డాక్టర్లుండే ఒక క్లినిక్‌లో నాది టైపిస్టు ఉద్యోగం. మూర్ఛలున్న పిల్లలు, పుట్టినప్పుడు మెదడుకు దెబ్బ తగిలిన పిల్లలు అక్కడికి వచ్చేవారు. వాళ్లకి చదువు ఎక్కడ ఆగిపోతోందో, ఎందుకు ఆగిపోతోందో ఒక సైకాలజిస్టు పరీక్ష పెట్టి చూసేవారు. తెల్లజుట్టు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. ఆవిడ చేత్తో రాసిచ్చిన రిపోర్టులను నేను కార్బన్ కాపీలు పెట్టి టైప్ చేసేదాన్ని.

కరుణ మా తెలుగు ప్రార్థన కూటంలో పరిచయం. ఆదివారాలు అమెరికన్ల ఆరాధన అయ్యాక ఆ చర్చి బేస్‌మెంట్ మాకు ఇచ్చేవారు. కరుణది గుంటూరు వైపు. నన్ను అక్కా అనేది. భర్త కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఎస్తేరుకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఐదో ఏట నుంచి మూర్ఛలు. మందులతో అవి తగ్గాయి గానీ, పొద్దున చెప్పిన పాఠం మధ్యాహ్నానికి గుర్తుండటం లేదని బడిలో టీచర్ చెప్పింది. డాక్టర్ మా సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

"అక్కా, ఆ టెస్ట్ ఫెయిలైతే పిల్లని వేరే రూమ్‌లో కూచోబెడతారంట. మనవాళ్లకి తెలిస్తే దాని బతుకేం కావాలి? నువ్వు అక్కడే పంజేస్తన్నావు గదా, ఏం అడుగుతారో కొంచెం నేర్పవా" అని ఏడ్చింది కరుణ.

మీకు నవ్వొస్తుందేమో. జ్వరం ఉందో లేదో చూడబోతుంటే థర్మామీటరును చన్నీళ్లలో ముంచడం లాంటిదే ఇది. కానీ మాకు పరీక్ష అంటే ఒకటే అర్థం. మా నాన్న తెనాలిలో ట్యూషన్ మాస్టారు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, బట్టీ పట్టించి, ఎలాంటివాణ్ణయినా గట్టెక్కించేవాడు. ఆయన కూతుర్ని నేను. పరీక్ష కనబడితే చాలు, పాస్ చేయించాలని చేతులు దురద పెట్టేవి. ఇది పాసయ్యే పరీక్ష కాదని, పిల్ల ఎక్కడ తడబడుతుందో చూడటానికే పెట్టేదని నాకు తెలియదా? తెలుసు. ఆ సంగతే వారం వారం టైప్ చేసేదాన్ని. అది వేరేవాళ్ల పిల్లల విషయం అనుకున్నానేమో.

క్లినిక్ బీరువాలో వాడకుండా వదిలేసిన పాత పరీక్షపెట్టె ఒకటి ఉండేది. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అందులోవి అసలు పరీక్షలో అడిగేవేనని కరుణకి చెప్పలేదు, మామూలు ట్యూషనే అనుకుంది. ఆరు శనివారాలు మా వంటింటి బల్ల మీద ఎర్రవీ తెల్లవీ చెక్క బ్లాకులు పరిచి, బొమ్మలో ఉన్నట్టు ఎలా పేర్చాలో నేర్పాను. అంకెలు వెనకనుంచి చెప్పించాను. కథలు చదివి ప్రశ్నలు అడిగాను. అప్పుడు చూశాను. ఒక శనివారం నేర్చుకున్నది మరో శనివారానికి తుడిచిపెట్టుకుపోయేది. ఒక్క బొమ్మ నలభైసార్లు చేయించాల్సి వచ్చేది. మధ్యలో ఒక్కోసారి చెయ్యి గాల్లోనే ఆగిపోయి, చూపు ఎటో వెళ్లిపోయి, కాసేపటికి తిరిగొచ్చి "సారీ ఆంటీ" అనేది. ఎందుకమ్మా సారీ? ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను. ఎస్తేరు కష్టం ఎలాంటిదో, ఎంతటిదో డాక్టర్లందరికన్నా ముందు నా వంటింట్లో నాకే తెలిసింది. తెలిసీ, అది ఎవరికీ కనబడకుండా చేయడానికే నలభై ఒకటోసారి బ్లాకులు పేర్పించాను. చివరికి బుర్రలో నిలవనిది చేతులకి అలవాటైపోయింది.

పరీక్ష అయిన రోజు సైకాలజిస్టు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఈ కుటుంబం నీకు తెలుసు కదా" అన్నారు ఇంగ్లీషులో. "టీచర్ రాసినదానికీ నేను చూసినదానికీ పొంతన కుదరడం లేదు. పాప ఈ వస్తువుల్ని ఇంతకుముందు ఎక్కడైనా చూసిందా?"

"లేదు" అన్నాను.

"కచ్చితంగానా?"

"కచ్చితంగా."

ఆవిడ నన్ను నమ్మారు. మర్నాడు ఆ రిపోర్టు నేనే టైప్ చేశాను. నేర్చుకునే శక్తి వయసుకు తగ్గట్టే ఉంది, బడిలో వెనకబాటుకు శ్రద్ధ లేకపోవడం కారణం కావచ్చు, ప్రత్యేక సహాయం అవసరం లేదు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆ ప్రత్యేక సహాయం ఏమిటో చెప్పనా? రోజూ ఒక గంటసేపు ఒక టీచర్ పక్కన కూర్చుని, చెప్పిందే మళ్లీ మళ్లీ ఓపిగ్గా చెప్పడం. నేను శనివారాలు చేసిన పనే, కాకపోతే పిల్ల మేలు కోసం.

ఆ ఆదివారం కరుణ కూటంలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు నా బిడ్డను ముట్టి బాగుచేశాడు, టెస్ట్ నార్మల్ వచ్చింది అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఇక నిజం చెబితే ఆమె దగ్గర దేవుడి మేలును కూడా లాగేసుకున్నట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత పెద్ద మాట! అసలు కారణం భయం. ఉద్యోగం పోతుందని, ఆ బేస్‌మెంట్‌లో మళ్లీ తలెత్తుకోలేనని.

ఆ తర్వాత కూడా బడిలో ఎస్తేరుకి మార్కులు రాలేదు. తండ్రి చెడ్డవాడు కాదు, కానీ ఆయన చేతిలో కాగితం ఉంది. టీవీ ఆపేశాడు. ఒక్కో పాఠం ఇరవైసార్లు రాయించాడు. "నువ్వు చేయగలవని టెస్ట్‌లోనే వచ్చింది, నీది లేజీనెస్" అంటూ ఆ రిపోర్టు తీసి చూపించేవాడట. నేను టైప్ చేసిన రిపోర్టు. తనకి పదేళ్లప్పుడు ఒక ఆదివారం ప్లేట్లు సర్దుతూ ఎస్తేరు నన్ను అడిగింది.

"ఆంటీ, టెస్ట్‌లో నేను స్మార్ట్. మరి స్కూల్‌లో వై నాట్?"

నేనేమన్నానో రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. "ఇంకొంచెం కష్టపడాలమ్మా" అన్నాను. ఒక బొమ్మను నలభైసార్లు పేర్చిన పిల్లతో అన్నాను.

పదిహేనో ఏట హైస్కూల్ వాళ్లు మళ్లీ పరీక్ష చేయించారు. వేరే డాక్టర్లు. జ్ఞాపకశక్తిలో లోపం ఉందని, పైకి తెలియని చిన్న చిన్న మూర్ఛలు ఇంకా వస్తూనే ఉన్నాయని తేలింది. సహాయం మొదలైంది. కానీ అప్పటికే ఆ పిల్ల తాను బద్ధకస్తురాలినని నమ్మేసింది, దానికి మందెవరూ రాయలేదు. కరుణ నా భుజం మీద పడి, "ఆ తెల్లావిడ సరిగ్గా చూడలేదక్కా" అని ఏడ్చింది. చెప్పాల్సిన క్షణం అదే. నేను ఆమె వీపు నిమిరాను. పెద్దావిడ అప్పటికి రిటైరై ఎటో వెళ్లిపోయారు. నింద ఆవిడ మీదే ఉండనిచ్చాను.

క్షమించమని ఎవర్ని అడగను? దేవుణ్ణి అడగడం తేలిక, బ్లాకులు పేర్చింది ఆయన కాదు కదా. ఎస్తేరును అడిగే హక్కు నాకు లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్ల చేత మరో పని చేయించినట్టవుతుంది. అందుకే అడగను, చెబుతానంతే. ఇంతవరకూ మీకు రాశాను. ఈ నాలుగు మాటలూ వేరే కాగితం మీద, చేత్తో, ఎస్తేరుకి రాస్తున్నాను.

ఎస్తేరూ, నువ్వు ఒక్కరోజు కూడా బద్ధకం చేయలేదమ్మా. నాకు తెలుసు, నేను చూశాను. ఆ పరీక్ష పాసైంది నువ్వు కాదు, నేను.

రాసేశాను.