మామ చెయ్యి, నా ఇండికేటరు

మా మామకు ఆయన పాత కారు కారు కాదు, పెద్దకొడుకు. చింతామణిలో మా అంగడి పక్క షెడ్డులో ఉంటుంది. డోరు ధడేలున కొడితేనే పడుతుంది. చోక్ లాగి, నాలుగు మంచిమాటలు చెబితేనే లేస్తుంది. నలభై ఏళ్ళలో మామ దాని స్టీరింగు ఎవరికీ ఇవ్వలేదు, ఇంకొకరు తోలే కారులో తానూ ఎక్కలేదు. కన్నకొడుకు, అంటే మా ఆయనకే దిక్కు లేదు. కోడలిని, నేనెంత?

యాభై దాటాక నేను డ్రైవింగు నేర్చుకుని ఒక తెల్ల సెడాన్ కొన్నాను. గేర్లు మార్చే పని లేదు, మీట నొక్కితే చాలు. మామ బానెట్ మీద చెయ్యి పెట్టి, "సప్పుడే లేదు, బతికుండాదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అంతలో ఆయన కంటికి ఆపరేషనయింది. కొన్నాళ్ళు కారు తోలొద్దన్నాడు డాక్టరు. బాగేపల్లిలో ఉన్న వాళ్ళక్కను నెలకొకసారి చూడకపోతే మామకు తోచదు. ఆమెకు ఎనభై దాటాయి. మూడు నెలలు గడిచిపోయాయి. బస్సంటే ఆయనకు నడుము నొప్పి, నా కారంటే నామోషీ. ఒకరోజు ఆమె ఫోనులో "నేను పొయ్యేలోగా వస్తావా లేదా అప్పా?" అనడం నా చెవిన పడింది. ఇక ఆగలేక కారు వాకిట్లోకి తెచ్చాను.

"పోదాం రా మామా."

"నువ్వు తోల్తావా?"

"మరి నువ్వు తోల్తావా?"

మామ అలవాటు కొద్దీ కుడిపక్క డోరు తీసి స్టీరింగు ముందే కూర్చున్నాడు. చెయ్యి చోక్ కోసం తడిమింది. దొరకలేదు. మెల్లగా దిగి, అటుపక్క ఎక్కి, డోరు ధడేలుమనిపించాడు. నా గుండె కూడా ధడేలుమంది. బెల్టు పెట్టుకోమని కారు గంట కొడుతుంటే, బెల్టును వీపు వెనక వేసి క్లిప్పులో గుచ్చి, "దాని నోరు మూసినా సూడు" అన్నాడు. ఊరుకుంటానా? తీయించి, ఎదమీదుగా నేనే పెట్టాను.

చేళూరు దగ్గర ఎడమకు తిరగాలి. ఇండికేటరు వేశాను. మామ అద్దం దించమని, చెయ్యి బయటికి చాపి, పైకీ కిందికీ నిదానంగా ఆడించాడు.

"ఇండికేటరు వేసినా కదా మామా!"

"అది కారు చెప్తాండాది. మనిషి చెప్పొద్దా?"

నవ్వు ఆపుకుంటూ అద్దంలో చూశాను. వెనకాల ట్రాక్టరు నిజంగానే నిదానించింది. దాటిపోతూ ఆ డ్రైవరు చెయ్యెత్తింది మామకే. నా ఇండికేటరుకు ఇంతవరకు ఒక్కడూ దండం పెట్టలేదు. ఈ ఒక్క విషయంలో పాత కారు అలవాటుదే గెలుపని మనసులో ఒప్పుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

బాగేపల్లి చేరగానే అక్క వాకిట్లోనే తమ్ముడి చెయ్యి పట్టుకుని, "డ్రైవరు యాడప్పా? పిల్చు, ముద్ద తింటాడు" అంది.

"ఈయమ్మే డ్రైవరు. మన కోడలే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, నా పళ్ళెంలో రెండో రాగిముద్ద వేసింది. వద్దన్నా వినలేదు.

సాయంత్రం బయలుదేరాం. చేళూరు మలుపులో ఈసారి మామ చెయ్యి బయటికి రాలేదు. నా తోలుడు నచ్చలేదేమోనని భయంగా పక్కకు చూశాను. నిద్రపోతున్నాడు. దారంతా నాకే వదిలేసి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడి మాదిరి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

చింతామణి వచ్చేసింది. లేపబుద్ధి కాలేదు. మా వీధి దాటించి, ఊరి చుట్టూ ఇంకొక చుట్టు తోలాను.